మోటారు ఆగినా ఆగని ఖర్చు: ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇనుము తినే కరెంటు

పరవాడ: సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం పొగ గొట్టాలు పరవాడ చుట్టుపక్కల చాలా పొలాల గట్ల మీద నుంచి కనిపిస్తూనే ఉంటాయి. ఒక్కొక్కటి 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 2000 మెగావాట్లు. మొదటి యూనిట్ 2002లో మొదలైంది. అంత కరెంటు పుట్టేచోట నేల సాగుచేస్తున్న రైతుకు తన నూతి మోటారు దాకా వచ్చే కరెంటు ఎక్కడెక్కడ తిరిగి వస్తుందో మాత్రం తెలియదు. కూతవేటు దూరమే అయినా అది నేరుగా రాదు. కేంద్రంలో 400 కేవీకి పెరిగి కలపాక సబ్‌స్టేషన్‌కు వెళుతుంది. అక్కడి నుంచి 220, 132, 33, 11 కేవీలకు మెట్టు మెట్టుగా దిగుతుంది. చివరికి పొలం గట్టున రెండు స్తంభాల మధ్య కూర్చున్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లో 433 వోల్టులుగా మారి మోటారుకు అందుతుంది.

ఈ మెట్లన్నిటి దగ్గరా ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ కడుపులోనూ ఇనుప రేకుల దొంతర ఉంటుంది. దాన్నే కోర్ అంటారు. తన మీదుగా పోయే కరెంటులో కొంత భాగాన్ని ప్రతి ట్రాన్స్‌ఫార్మరూ తినేస్తుంది. ఎంత తింటుందన్నది ఆ రేకులు ఏ ఇనుముతో చేశారన్న దాన్ని బట్టి చాలావరకు ఉంటుంది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల సంగతి ఇంజనీర్లు చూసుకుంటారు. మన పొలం గట్టున ఉన్నదాని సంగతి మనమే తెలుసుకోవాలి, ఎందుకంటే అది కాలిపోతే ఎండేది మన చేనే.

ఉచిత విద్యుత్తే కదా, మనకేం పోయింది?

రైతు సోదరులు ముందుగా అడిగే ప్రశ్న ఇదే. రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ 2004 మే నుంచి అమలవుతోంది. పైగా ట్రాన్స్‌ఫార్మర్‌లో పోయే కరెంటు రైతు మోటారు కన్నా ముందే పోతుంది. రేపు మోటారుకు మీటరు పెట్టినా ఆ మీటరులో అది కనిపించదు. నిజమే. బిల్లు వరకు చూస్తే రైతు జేబులో నుంచి పైసా పోదు.

అయితే పోయిన యూనిట్లు ఎవరి ఖాతాలో పడుతున్నాయన్నదే అసలు తగాదా. వ్యవసాయ మోటార్లకు మీటర్లు లేనిచోట రైతు వాడింది ఎంత, దారిలో పోయింది ఎంత అని విడదీసి చెప్పడం కష్టం. లెక్క అందనిదంతా అంచనాల మీద నడుస్తుంది. ఇనుము తిన్నది కూడా రైతు తాగినట్టు లెక్కలోకి ఎక్కే అవకాశం ఉంది. ఆపైన రాయితీ భారం అంతా రైతుల వల్లే అనే మాట మనమే పడాలి. కాబట్టి ఇనుము వాటా ఎంతో, మన వాటా ఎంతో తెలిసి ఉండటం అవసరం.

రెండో సంగతి ఇంకా దగ్గరిది. కోర్‌లో పోయిన కరెంటు ఊరికే పోదు, వేడిగా మారుతుంది. ఆ వేడి నూనెలోకి దిగుతుంది. నూనె వేడెక్కేకొద్దీ లోపల చుట్టల మీద ఉన్న కాగితం పెళుసెక్కుతుంది. కాగితం చెడితే చుట్ట షార్ట్ అవుతుంది. చుట్ట షార్ట్ అయితే ఎరుపెక్కిన చెరకు తోట వైపు చూస్తూ కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కోసం ఎదురు చూడటమే పని.

నష్టాలు రెండు రకాలు

ట్రాన్స్‌ఫార్మర్‌లో కరెంటు రెండు దారుల్లో పోతుంది. ఒకటి చుట్టల్లో పోయేది. ఎక్కువ మోటార్లు ఆడితే ఎక్కువ పోతుంది, మోటార్లు ఆగితే ఇదీ ఆగుతుంది. మోటారు దగ్గర కెపాసిటరు పెట్టుకుంటే ఇది తగ్గుతుంది. 5 హార్స్ పవర్ మోటారుకు 2 కేవీఏఆర్ కెపాసిటరు పెట్టమని విద్యుత్ సిబ్బంది ఏళ్ల తరబడి చెబుతున్నది ఇందుకే.

రెండోది కోర్‌లో పోయేది. దీనికి మోటారుతో సంబంధం లేదు. 11 కేవీ లైనులో కరెంటు ఉన్నంతసేపూ, మోటార్లు ఆడినా ఆడకపోయినా, పగలూ రాత్రీ, వానాకాలంలో చేలో మోకాలి లోతు నీళ్లు నిలిచి ఉన్నా, ఇది ఒకేలా పోతూనే ఉంటుంది. పాలు పిండినా పిండకపోయినా పశువుకు గడ్డి వేయక తప్పదు కదా, అలాంటిది.

ఎంత పోతుందో లెక్క వేసి చూద్దాం. భారతీయ ప్రమాణాల సంస్థ 1989 నాటి ప్రమాణం ప్రకారం 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌లో లోడు లేనప్పుడు పోయే నష్టం 100 వాట్లు, నిండు లోడు మీద చుట్టల్లో పోయేది 685 వాట్లు. పైకి చూస్తే చుట్టల నష్టమే ఏడు రెట్లు. కాని గంటలు లెక్కపెట్టండి. ఇళ్లకూ మోటార్లకూ కలిపి ఒకే లైను ఉన్నచోట ఏడాదిలో 8760 గంటలూ కోర్ తింటుంది. 100 వాట్ల చొప్పున 876 యూనిట్లు. అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద 5 హార్స్ పవర్ మోటార్లు మూడు ఉన్నాయనుకుందాం. మూడూ కలిసి ఏడాదికి 600 గంటలు ఆడాయనుకుందాం. అప్పుడు చుట్టల్లో పోయేది సుమారు 200 యూనిట్లు. అంటే పని చేసినందుకు పోయినదాని కన్నా, ఊరికే కూర్చున్నందుకు పోయినది నాలుగు రెట్లకు పైనే.

876 యూనిట్లంటే ఎంత? 5 హార్స్ పవర్ మోటారు ఒకటి దాదాపు 200 గంటలు నీళ్లు తోడే కరెంటు.

వ్యవసాయ లైను వేరు చేసి రోజుకు 9 గంటలు మాత్రమే కరెంటు ఇచ్చేచోట లెక్క మారుతుంది. మిగతా 15 గంటలు లైనులోనే కరెంటు ఉండదు కాబట్టి కోర్ కూడా తినదు. అక్కడ ఏడాదికి 328 యూనిట్ల చిల్లర. అయినా పై లెక్కలోని 200 కన్నా ఎక్కువే. మెరక పొలాల్లో ఒక్క పంట వేసి, మిగతా నెలలు మోటారు ముట్టుకోని చోట్ల ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

మరి పని లేని నెలల్లో ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు తీసేయిస్తే పోలా అని కొందరికి తోచవచ్చు. ఆలోచన మంచిదే. కాని పొలాల్లో తిరిగేవాళ్లకు తెలుసు, కరెంటు లేని ట్రాన్స్‌ఫార్మర్ అంటే దొంగలకు పండగ. రాగి చుట్టలూ నూనే రాత్రికి రాత్రే మాయం. పైగా చల్లబడి ఊరికే ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ గాలిలోని తేమను లోపలికి లాగుతుంది. ముత్యాలమ్మపాలెం వైపు సముద్రం గాలి తగిలే పొలాల్లో ఆ తేమ ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. అందుకే స్విచ్చి తీయడం కన్నా తక్కువ తినే ఇనుము పెట్టడమే తెలివైన పని.

ఇనుము ఎందుకు తింటుంది?

మన లైనులో కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ తిరుగుతుంది. దాంతోపాటు కోర్‌లోని అయస్కాంత శక్తి కూడా ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరగాలి. రోజుకు 43 లక్షల 20 వేల రాకపోకలు. దుక్కి దున్నేటప్పుడు చాలు చివర ఎడ్లను మళ్లించడానికి కొంత బలం పడుతుంది. తిన్నగా పోయేటప్పుడు లేని శ్రమ మలుపులో ఉంటుంది. ఇనుములోనూ అంతే. ప్రతి మలుపుకూ కొంత శక్తి ఖర్చయి వేడిగా మారుతుంది. మాట వినే ఎద్దులాంటి ఇనుము అయితే తక్కువ ఖర్చు, మొండి ఇనుము అయితే ఎక్కువ ఖర్చు. దీన్ని ఇంజనీర్లు హిస్టరిసిస్ నష్టం అంటారు.

ఇంకొకటి సుడి కరెంటు. ఇనుము కూడా కరెంటు పారే లోహమే. అయస్కాంతం అటూ ఇటూ ఊగినప్పుడల్లా ఇనుములోనే చిన్న చిన్న కరెంటు సుడులు పుడతాయి. గట్లు లేని పెద్ద మడిలోకి గెడ్డ నీళ్లు వదిలితే ఎలా సుళ్లు తిరుగుతాయో అలా. రైతు ఏం చేస్తాడు? అడ్డంగా గట్లు వేసి చిన్న మళ్లు కడతాడు. ట్రాన్స్‌ఫార్మర్ చేసేవాళ్లు చేసిందీ అదే. ఇనుప దిమ్మ బదులు పలచని రేకులు దొంతర పేర్చి, ఒక్కో రేకుకూ కరెంటు పారని పూత పూశారు. ఆ పూతే గట్టు. రేకు మందం సగానికి తగ్గిస్తే ఈ సుడి నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే ఇప్పటి రేకులు 0.23 నుంచి 0.30 మిల్లీమీటర్ల మందంలో వస్తున్నాయి. సుమారుగా పోస్టుకార్డు మందం అనుకోండి.

ఈ రెంటికీ మందు ఇనుములోనే దొరికింది. తొలినాళ్లలో మామూలు మెత్తని ఇనుము వాడేవారు. అది వేడికి నెలలు గడిచేకొద్దీ ముదిరి నష్టం పెరిగిపోయేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ హ్యాడ్‌ఫీల్డ్ చేసిన సిలికాన్ ఉక్కు ఆ చిక్కు తీర్చింది. ఇసుకలో ఉండే సిలికానే అది. ఇనుములో నూటికి మూడు పాళ్లు కలిపితే సుడులు తగ్గుతాయి, ముదరడమూ తగ్గుతుంది. ఇంకా ఎక్కువ కలిపితే రేకు పెళుసై విరిగిపోతుంది.

తర్వాత 1934లో అమెరికాకు చెందిన నార్మన్ గాస్ మరో దారి చూపించాడు. ఇనుములో కంటికి కనపడని గింజలు ఉంటాయి. మామూలు ఇనుములో అవి ఎటుపడితే అటు ఉంటాయి, కల్లంలో తొక్కిన గడ్డిలాగా. రేకును చల్లగా ఉండగా అణిచి, కాల్చి, మళ్లీ అణిచి ఆ గింజలన్నీ ఒకే దిక్కుకు తిరిగేలా చేయవచ్చని ఆయన కనిపెట్టాడు. కుప్ప వేసేటప్పుడు పనలన్నీ ఒకే వైపు పేర్చినట్టు. అయస్కాంతం ఆ దిక్కున సులువుగా పోతుంది. కర్రను నార వెంట చీల్చినంత తేలిక. ఈ రేకునే సీఆర్‌జీఓ అంటారు. ఇప్పుడు మన లైన్ల మీద ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లలో ఎక్కువ వాటికి ఇదే కోర్.

ఇక్కడ మనవాళ్లకు ఒక సందేహం రావచ్చు. పక్కనే విశాఖ ఉక్కు కర్మాగారం ఉంది కదా, ఈ రేకు అక్కడే చేస్తే సరిపోదా అని. విశాఖ ఉక్కులో తయారయ్యేవి కడ్డీలు, తీగ చుట్టలు, నిర్మాణాలకు పనికివచ్చే ఇనుప సామాను. ట్రాన్స్‌ఫార్మర్ రేకు వేరే జాతి. దాని తయారీ చాలా సున్నితమైన పని, ప్రపంచంలోనే కొద్ది కంపెనీలకు చేతనవుతుంది. మన దేశంలో నాసిక్‌లో చేస్తున్నారు గాని దేశం అవసరానికి చాలదు, ఎక్కువ భాగం దిగుమతే. అందుకే ఇది ఖరీదైన సరుకు. ఖరీదైన సరుకుకు నకిలీ పుట్టకుండా ఉండదు. పాడైపోయిన పాత పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి తీసిన రేకులను కత్తిరించి చిన్న వాటిలో కొత్తవిగా వాడే అలవాటు ఈ రంగంలో ఉంది. విత్తనాల్లో తాలు కలిపినట్టే. పైకి రంగు వేసిన తొట్టి ఒకటే, లోపలి రేకు పాతది. ఏడాది పొడవునా ఎక్కువ తింటుంది, ఎవరికీ కనపడదు.

అనకాపల్లి పాకం చెప్పే పాఠం

సీఆర్‌జీఓ కన్నా తక్కువ తినే లోహం ఇంకొకటి వచ్చింది. దాన్ని అమార్ఫస్ లోహం అంటారు. గాజు లోహం అంటే సులువుగా అర్థమవుతుంది. 1960లో అమెరికాలోని కాలిఫోర్నియా సాంకేతిక సంస్థలో పోల్ డ్యూవే అనే శాస్త్రవేత్త బృందం ఇలాంటి లోహాన్ని మొదట తయారు చేసింది. 1980ల్లో దీనితో ట్రాన్స్‌ఫార్మర్లు చేయడం మొదలైంది.

ఇదేమిటో అనకాపల్లి ప్రాంతపు చెరకు రైతుకు చెప్పడం తేలిక. బెల్లం వండేటప్పుడు పాకం ముదిరిందో లేదో చూడటానికి ఒక చుక్క చన్నీళ్లలో వేస్తాం. టక్కున చల్లబడిన ఆ చుక్క నున్నగా ఉండకడుతుంది, అందులో రవ్వ ఉండదు. అదే పాకాన్ని మెల్లగా కలియబెడుతూ ఆరనిస్తే రవ్వ కట్టి బెల్లం అవుతుంది. పదార్థం ఒకటే, చల్లబడిన వేగమే తేడా. ఇనుము, బోరాన్, సిలికాన్ కలిపి కరిగించి, గిరగిరా తిరిగే చల్లని చక్రం మీద సన్నని ధారగా పోస్తారు. సెకనుకు పది లక్షల డిగ్రీల వేగంతో చల్లబడి రిబ్బనులాగా బయటికి వస్తుంది. గింజ కట్టడానికి దానికి వ్యవధి ఉండదు. గింజలే లేకపోతే అయస్కాంతాన్ని అడ్డగించేదీ తక్కువే. ఆ రిబ్బను మందం 0.025 మిల్లీమీటర్లు, వెంట్రుక కన్నా పలచన. మామూలు రేకులో పదో వంతు. అంటే సుడులకూ చోటు లేదు.

ఫలితం? లోడు లేనప్పటి నష్టం సీఆర్‌జీఓతో పోలిస్తే నూటికి 60 నుంచి 70 వంతులు తగ్గుతుంది. 100 వాట్లు తినేచోట 30, 40 వాట్లతో సరిపెట్టుకుంటుంది. 24 గంటల లైను మీద ఒక్క 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌లోనే ఏడాదికి 500 నుంచి 600 యూనిట్లు మిగులుతాయి.

అన్నీ లాభాలే అనుకోకండి. దీనికి పట్టే అయస్కాంత శక్తి తక్కువ, కాబట్టి కోర్ పెద్దది చేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ లావుగా, బరువుగా ఉంటుంది, ధర ఎక్కువ, చప్పుడూ ఎక్కువ. అన్నిటికన్నా పెద్ద చిక్కు, ఇది గాజులా పెళుసు. చేతిలో నలిగి పొట్టు రాలుతుంది. మామూలు రిపేరు షెడ్డులో దీన్ని విప్పి కట్టడం అంత తేలిక కాదు.

చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెరిగాయి, మరి ఇనుము?

ఈ కోర్ సంగతి మన రాష్ట్రంలో ప్రత్యేకంగా ఎందుకు పట్టించుకోవాలంటే, ఇక్కడి వ్యవసాయ లైన్ల తీరే మారింది. పూర్వం ఊరి బయట ఒక 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, అక్కడి నుంచి కిలోమీటర్ల కొద్దీ చిన్న లైన్లు లాగి పాతిక ముప్పై మోటార్లకు ఇచ్చేవారు. చివరి మోటారుకు వోల్టేజి అందేది కాదు, మోటారు మూలిగి కాలేది. విద్యుత్ బోర్డు 1999లో విడిపోయి, 2000లో పంపిణీ సంస్థలు ఏర్పడిన తర్వాత హెచ్‌వీడీఎస్ అనే పద్ధతి వచ్చింది. 11 కేవీ లైనునే పొలాల మధ్యకు తీసుకెళ్లి, రెండు మూడు మోటార్లకు ఒక చిన్న 16 లేక 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం. 2011లో జపాన్‌కు చెందిన జైకా రుణంతో ఇదే పనికి రాష్ట్రంలో ఒక పథకం కూడా మొదలైంది.

ఈ పద్ధతి మంచిదే, అందులో సందేహం లేదు. 433 వోల్టుల మీద పారే కరెంటు 11 కేవీ మీద సుమారు 25వ వంతు అవుతుంది. తీగ అదే అయితే తీగలో నష్టం 600 రెట్లకు పైగా తగ్గుతుంది. చివరి రైతుకూ వోల్టేజి అందుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఎవరిదో తెలుస్తుంది కాబట్టి దొంగ మోటార్లూ తగ్గుతాయి.

అయితే లెక్కలో ఇంకో వైపు కూడా చూడాలి. 1989 ప్రమాణం ప్రకారం ఒక 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కోర్ 260 వాట్లు తింటుంది. 16 కేవీఏది 80 వాట్లు. ఒక పెద్దదాని స్థానంలో ఆరు చిన్నవి పెడితే 480 వాట్లు. తీగలో మిగిల్చిన దానిలో కొంత ఇనుముకు అప్పగించినట్టే. అదే ఆరింటిలోనూ గాజు లోహం కోర్ ఉంటే, ఒక్కోటి 30 వాట్లకు అటూ ఇటూగా, మొత్తం 180 వాట్లు. పాత పెద్దదాని కన్నా కూడా తక్కువ. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెంచాలనుకున్నప్పుడే మంచి కోర్ కూడా పెట్టి తీరాలన్నది నా అభిప్రాయం. ఒకటి లేకుండా రెండోది సగం పనే.

ప్రమాణాలు మారకపోలేదు. పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్లకు స్టార్ గుర్తు వేయడం 2010 నుంచి తప్పనిసరి అయ్యింది. ఫ్రిజ్ మీద ఉండే నక్షత్రాలే ఇవీనూ. 2014లో ఐఎస్ 1180 ప్రమాణాన్ని తిరగరాశారు. ఇందులో కోర్ నష్టం, చుట్టల నష్టం విడివిడిగా కాకుండా, సగం లోడు మీద మొత్తం ఎంత, నిండు లోడు మీద మొత్తం ఎంత అని హద్దులు పెట్టారు. మూడు స్థాయిలు ఉన్నాయి. 25 కేవీఏకు ఒకటో స్థాయిలో సగం లోడు మీద 210 వాట్లు, నిండు లోడు మీద 695 వాట్లు దాటకూడదు. మూడో స్థాయిలో 175, 595. పాత ప్రమాణం ప్రకారం సగం లోడు నష్టం లెక్కవేస్తే 271 వాట్లు వస్తుంది. సగం లోడు హద్దు ఇంత బిగించారంటే నాసిరకం ఇనుముతో ఆ హద్దులో ఇమడటం కష్టం.

కొత్తవాటి సంగతి ఇది. మన పొలాల్లో ఉన్నవన్నీ కొత్తవి కావు. పాతికేళ్ల నాటివీ, రెండు మూడుసార్లు రిపేరుకు వెళ్లి వచ్చినవీ చాలా ఉన్నాయి. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

రిపేరులో పోయే ప్రాణం

ట్రాన్స్‌ఫార్మర్ కాలిందంటే సాధారణంగా కాలేది చుట్టలే, ఇనుము కాదు. చుట్టలు మార్చాలంటే పైన ఉన్న రేకులన్నీ ఒక్కొక్కటే ఊడదీయాలి, మళ్లీ పేర్చాలి. ఓపికగా చేయాల్సిన పని. రబీలో వరసగా ట్రాన్స్‌ఫార్మర్లు వచ్చి పడ్డప్పుడు షెడ్డులో ఆ ఓపిక ఎంతవరకు ఉంటుందో ఊహించుకోవచ్చు. సుత్తితో కొట్టి పేరిస్తే రేకులు వంగుతాయి. ఒకే దిక్కుకు తిరిగిన గింజలు దెబ్బకు చెదురుతాయి. తయారీలో ఈ దెబ్బ తీయడానికి రేకులను 800 డిగ్రీల దగ్గర కాలుస్తారు, రిపేరు షెడ్డులో ఆ పని ఎక్కడ అవుతుంది? రేకు మీద పూత గీసుకుపోతే గట్టు తెగినట్టే, సుడులు ఒక రేకు నుంచి ఇంకో రేకులోకి పారతాయి. రేకులు కలిసే మూలల్లో సందు మిగిలితే అయస్కాంతం ఆ సందు దాటడానికి ఇంకా కరెంటు లాగుతుంది. అన్నిటికన్నా దారుణం, వంగిన రేకులు కొన్ని పక్కన పడేసి మిగతా వాటితో సరిపెట్టడం. ఇనుము తగ్గితే ఉన్న ఇనుము మీద భారం పెరుగుతుంది. ఇరుకు కాలవలోకి ఎక్కువ నీరు తోసినట్టు. కోర్ వేడెక్కుతుంది, మోత మోగుతుంది. మోటార్లు వేయకముందే నూనె సగం వేడి మీద ఉంటుంది. ఆ పైన మూడు మోటార్లు ఒకేసారి వేస్తే ఇంకేముంది.

రిపేరు అయిన ట్రాన్స్‌ఫార్మర్ ఆరు నెలలకే మళ్లీ కాలిందంటే తప్పంతా రైతు ఎక్కువ మోటార్లు వేయడం వల్లే అని తేల్చేస్తుంటారు. కొన్నిచోట్ల అదీ నిజమే. అనుమతి లేని మోటారు తగిలించిన పక్క రైతును ఎవరూ వెనకేసుకురావద్దు. కాని కోర్ ఎలా ఉందో పరీక్షించకుండా ఆ మాట అనడం న్యాయం కాదు.

పరీక్ష పెద్ద కష్టమైనది కాదు. రిపేరు పూర్తయ్యాక 433 వోల్టుల వైపు కరెంటు ఇచ్చి, 11 కేవీ వైపు ఏమీ తగిలించకుండా, ఎన్ని వాట్లు లాగుతోందో మీటరులో చూస్తారు. దాన్నే నో లోడ్ పరీక్ష అంటారు. 25 కేవీఏ పాత రకం అయితే 100 వాట్ల దరిదాపుల్లో ఉండాలి. 150, 200 చూపిస్తే కోర్ చెడినట్టు లెక్క. ఈ అంకె పరీక్ష కాగితం మీద ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ దించేటప్పుడు ఆ కాగితం ఒకసారి చూపించమని సెక్షన్ ఇంజనీరు గారిని మర్యాదగా అడగవచ్చు. ఒక్కరు అడిగితే అడగ్గానే చూపిస్తారో లేదో, ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న నలుగురైదుగురు కలిసి అడిగితే మాట వేరుగా ఉంటుంది.

ట్రాన్స్‌ఫార్మర్ తొట్టికి ఒక రేకు ఫలకం బిగించి ఉంటుంది. దాని మీద కేవీఏ, తయారైన సంవత్సరం, ప్రమాణం నంబరు రాసి ఉంటాయి. ఐఎస్ 1180, 2014 తర్వాతి సంవత్సరం, నష్టాల అంకెలు కనిపిస్తే అది కొత్త హద్దుల్లో చేసినది. ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కి చదవబోకండి, దగ్గరికీ పోవద్దు. దించి నేల మీద పెట్టినప్పుడు, లేదా లైన్‌మేన్ లైను తీసి పని చేసేటప్పుడు అతన్నే చదివి చెప్పమనండి.

చెవి కూడా పనికివస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో వినిపించే జుమ్మనే మోత కోర్‌దే. అయస్కాంతం మారినప్పుడల్లా రేకులు కంటికి కనపడనంతగా సాగి ముడుచుకుంటాయి, ఆ చప్పుడే అది. మోటార్లన్నీ ఆగి ఉన్నప్పుడు, కంచె బయట దూరంగా నిలబడి, పక్క పొలంలో ఉన్న అదే సైజు దానితో పోల్చి చూడండి. మోటార్లు లేకుండానే మనది గట్టిగా మోగుతుంటే, రేకులు వదులయ్యాయనో, ఇనుము తగ్గిందనో అనుమానించాలి. గాజు లోహం కోర్ అయితే కొంత మోత సహజమే, అది వేరు. తొట్టి అంచుల్లో నూనె చెమర్చడం కూడా చెప్పాల్సిన విషయమే. వెంటనే లైన్‌మేన్‌కు గాని, 1912 నంబరుకు గాని చెప్పి ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. తర్వాత కాలిపోతే, ముందే చెప్పామనడానికి ఆ నంబరే ఆధారం.

కాలిపోయాక ఏమిటి? చాలా ఊళ్లలో రైతులే తలా కొంత వేసుకుని ట్రాక్టరు మీద షెడ్డుకు మోసుకుపోవడం, మళ్లీ తెచ్చుకోవడం అలవాటైపోయింది. పంట ఎండిపోతుంటే ఆగలేక చేసే పని అది. కాని కాలిన ట్రాన్స్‌ఫార్మర్ మార్చాల్సిన బాధ్యత పంపిణీ సంస్థది. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2004లో తెచ్చిన సేవా ప్రమాణాల నిబంధనల్లో పట్టణాల్లో 24 గంటలు, గ్రామాల్లో 48 గంటల గడువు పెట్టారు. గడువు దాటితే అడిగే హక్కు రైతుకు ఉంది. పరవాడ 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్నా, ఇక్కడి లైన్లు విశాఖ కేంద్రంగా ఉన్న తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థవే. ఫిర్యాదు చేసిన రోజు, గంట కాగితం మీద ఉంటేనే ఆ 48 గంటలు ఎప్పుడు మొదలయ్యాయో తేలుతుంది.